గవాక్షి నుంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాకా – మన ఇళ్ళలో గాలి నడిచిన దారి

(విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, రెవిన్యూ శాఖ, మదనపల్లె)



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు ఫోను చేశారు. మదనపల్లె చరిత్ర అనగానే 1919లో రవీంద్రనాథ టాగూరు మన బీసెంటు కళాశాలకు వచ్చి జనగణమనను ఆంగ్లంలోకి అనువదించిన సంగతి ఎవరైనా వ్రాస్తారు. అది మనందరికీ కంఠతా వచ్చినదే. నేను మరొక దాన్ని గురించి వ్రాయదలచుకున్నాను. అది కంటికి కనిపించదు, ఏ రికార్డు గదిలోను దాని ఫైలు దొరకదు. కాని మన ఊరికి పేరు తెచ్చింది అదే. అది గాలి.

ఇంత పెద్ద మాట చెప్పి, చివరకు స్నానాల గదిలో తిరిగే చిన్న ఫ్యాను దగ్గరికి తీసుకువెళ్తున్నాడేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఆ చిన్న ఫ్యాను మా ఇంట్లో మూడేళ్ళ పాటు చేసిన పని తెలిస్తే నవ్వరు. ముందు చరిత్ర చెప్పి, తరువాత ఆ సంగతికి వస్తాను.

మట్టి మిద్దె, గవాక్షి

నేను 1950లో పుట్టాను. మాది మదనపల్లె తాలూకాలోనే ఒక పల్లె. ఇల్లు మట్టి మిద్దె. గోడలు రెండడుగుల మందం. పైన దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలు పరచి, మట్టి వేసి, వాన నీరు దిగకుండా చౌడు పోసేవారు. కిటికీలు తక్కువ. దొంగల భయం ఒకటి, ఎండ వేడి ఒకటి. పగటి పూట కూడా లోపల చీకటిగానే ఉండేది.

అయితే ఆ మిద్దెకు నడినెత్తిన ఒక రంధ్రం ఉండేది. దాన్నే మేము గవాక్షి అనేవాళ్ళం. వంటింటి మీద ఒకటి, నడవ మీద ఒకటి. పొయ్యి పొగ తిన్నగా పైకి లేచి అందులోంచి వెళ్ళిపోయేది. వాన వచ్చే సూచన కనిపిస్తే మిద్దె ఎక్కి దాని మీద బండో కుండపెంకో మూయడం పిల్లల పని. నేను ఆలస్యం చేసి పొయ్యి తడిపించిన రోజులు, అందుకు తిన్న తిట్లు ఇంకా గుర్తున్నాయి.

ఇందులో ఉన్న శాస్త్రం చాలా సులువు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. పైన దారి ఉంటే బయటపడుతుంది. అది పోయినంత మేర తలుపు క్రింద నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. పోవడానికి ఒక దారి, రావడానికి ఒక దారి, రెండూ ఉండాలి. అక్షరం ముక్క రాని మేస్త్రీలు ఈ రెండింటినీ మరిచిపోలేదు.

ఇక స్నానమంటే పెరట్లో. తాటాకుల దడి, క్రింద ఒక బండ, పక్కన కట్టెల పొయ్యి మీద రాగి అండా. ఆవిరి ఆకాశంలో కలిసిపోయేది. నీళ్ళు అరటి చెట్టుకు పోయేవి. స్నానాల గదిలో బూజు పట్టిందన్న మాట మా అమ్మ నోట ఎన్నడూ వినలేదు. గదంటూ ఉంటే కదా!

గాలి కోసం కొండ ఎక్కిన దొరలు

1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా మన మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. కడప ఎండలు ఎలాంటివో అక్కడ పని చేసినవారిని అడగండి. ఆ ఎండలకు తాళలేక హార్స్‌లీ అనే కలెక్టరు దొర 1870 ప్రాంతంలో మన ఏనుగు మల్లమ్మ కొండ మీద వేసవి విడిది కట్టుకున్నాడు. అదే నేటి హార్స్‌లీ కొండ. నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తు. మదనపల్లె పట్టణం కూడా సముద్రమట్టానికి రెండు వేల రెండు వందల అడుగుల పైననే ఉన్నది. గాలి పొడిగా, చల్లగా ఉంటుంది.

కొండ ఎక్కలేని కచేరీలలో పంఖాలు ఉండేవి. పై కప్పుకు వ్రేలాడదీసిన వెడల్పాటి గుడ్డను వరండాలో కూర్చున్న మనిషి త్రాటితో లాగుతూ ఉండేవాడు. వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. ఇక్కడ ఒక భేదం గమనించాలి. పంఖా గాలిని కదిలిస్తుంది, అంతే. గదిలోని గాలిని మార్చదు. నేటి సీలింగు ఫ్యాను చేసే పని కూడా అదే. కదిలిన గాలి వేరు, మారిన గాలి వేరు. ఈ భేదం తెలియకనే చాలా మంది ఫ్యాను తిరుగుతున్నది కదా, గాలి బాగానే ఉన్నదనుకుంటారు.

ఈ భేదాన్ని పందొమ్మిదవ శతాబ్దిలో ఇద్దరు గట్టిగా చెప్పారు. జర్మనీలో మ్యూనిక్ నగరపు ఆచార్యుడు మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1858లో, గదిలో మనుషులు విడిచిన బొగ్గుపులుసు వాయువును కొలిచి గాలి ఎంత పాతబడిందో చెప్పవచ్చునన్నాడు. వెయ్యి పాళ్ళ గాలిలో ఒక పాలు మించితే ఆ గదిలో గాలి మారడం చాలదని ఆయన లెక్క. ఈ నాటికీ ఇంజనీర్లు ఆ లెక్కను గౌరవిస్తారు. రెండవ వారు ఫ్లోరెన్సు నైటింగేల్. 1859లో వెలువడిన తన నర్సింగు పుస్తకంలో ఆమె మొదటి నియమంగా చెప్పినది, రోగికి చలి తగలకుండా గదిలోని గాలిని బయటి గాలి అంత శుభ్రంగా ఉంచాలని. అంతటితో ఊరుకోలేదు. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తున్నదో చూడమన్నది. పక్క వార్డు గాలి నడవలోకి, నడవ గాలి ఈ గదిలోకి వస్తే దాన్ని గాలి మార్చడమనరు. మన భాషలో చెప్పాలంటే, ఒక సీటులోని ఫైలును పక్క సీటుకు తోయడమే. అక్కడి నుంచి కదిలింది గాని పరిష్కారం కాలేదు. ముప్పయి ఆరేళ్ళు ఫైళ్ళు మోసిన మనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కర లేదు.

ఆరోగ్యవరం

క్షయవ్యాధికి మందు లేని రోజులవి. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. క్రిమి దొరికింది గాని దాన్ని చంపే మందు దొరకలేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి ఈ మూడే చికిత్స. 1850లలో జర్మన్ వైద్యుడు బ్రెమర్ మొదలుపెట్టిన ఈ పద్ధతి క్రమంగా ప్రపంచమంతా వ్యాపించింది. మన దేశంలో 1906లో అజ్మీరు దగ్గర తిలోనియాలో మొదటి ఆరుబయలు శానటోరియం వెలసింది.

ఆ వరుసలోనే మన ఊరికి ఆ భాగ్యం దక్కింది. అమెరికన్ మిషన్ వైద్యురాలు డాక్టర్ లూయిసా హార్ట్ 1912లో ఇక్కడ క్షయ రోగుల కోసం పని ప్రారంభించింది. పలు మిషన్లు కలిసి యూనియన్ మిషన్ ట్యుబర్‌క్యులోసిస్ శానటోరియంగా దాన్ని పెంచాయి. ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో 1915లో భవనాలు వెలిశాయి. ఆ చోటికి ఆరోగ్యవరమని పేరు. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాని సూపరింటెండెంటు. ఆయన కుమారుడు డాక్టర్ యోహానెస్ ఫ్రిమాట్ మోలర్ కూడా అక్కడే పని చేసి, 1950 నుంచి 1955 వరకు మన చుట్టుప్రక్కల పల్లెలలో ఇల్లిల్లూ తిరిగి క్షయ ఎంత ఉన్నదో లెక్క తీసిన బృందానికి పెద్దగా నిలిచారు. దేశంలో బి.సి.జి. టీకా 1948 ఆగస్టులో మొదలైనది మన మదనపల్లెలోనే. ఇన్ని సంగతులు మన ఊళ్ళో జరిగితే మన పిల్లలకు మదనపల్లె అంటే టమాటా మార్కెట్టని మాత్రమే తెలుసు.

మా మేనమామ 1958లో ఆ శానటోరియంలో ఎనిమిది నెలలు ఉన్నాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఒకసారి అమ్మతో వెళ్ళాను. నన్ను దగ్గరికి రానివ్వలేదు. చెట్టు క్రింద నిలబడి చూశాను. పొడుగాటి వరండా, అక్కడ మంచాలు, వాటి మీద దుప్పట్లు కప్పుకున్న మనుషులు. గాలి అటు నుంచి ఇటు దూసుకుపోతున్నది. ఇంత చలిలో వీళ్ళను బయట ఎందుకు పడుకోబెట్టారని అమ్మను అడిగాను. అమ్మ సమాధానం చెప్పలేదు. కళ్ళు తుడుచుకున్నది.

అప్పటికి మందులు వచ్చాయి. 1943లో అమెరికాలో కనిపెట్టిన స్ట్రెప్టోమైసిన్, ఆ తరువాత వచ్చిన మరి రెండు మందులు మామయ్యకు ఇచ్చారు. తగ్గింది. ఇంటికి వచ్చాడు. వచ్చాక అసలు కథ మొదలైంది. ఊళ్ళో తెలిస్తే ఆడపిల్లలకు సంబంధాలు రావని ఇంటి పెద్దలు ఆయనకు లోపలి చీకటి కొట్టు ఇచ్చారు. దానికి గవాక్షి కూడా లేదు. మూడవ రోజు అమ్మ గునపం తీసుకుని తానే వెనుక గోడకు కన్నం పెట్టడం మొదలుపెట్టింది. తాతయ్య కేకలు వేశాడు. అమ్మ ఒకే మాట అన్నది: "మందు వాళ్ళిచ్చినారు నాయినా, గాలి మనమియ్యాల." ఆ సాయంత్రానికి గోడలో అడుగున్నర చదరపు కిటికీ అమరింది. మామయ్య ఆ గదిలోనే రెండేళ్ళు ఉండి, తరువాత పెళ్ళి చేసుకుని, మనుమలను ఎత్తుకుని 1994లో కన్నుమూశాడు.

ఇక్కడ నిజం నిజంగా చెప్పాలి. క్షయను నయం చేసింది గాలి కాదు, మందే. 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా కేంద్రం వారు ఇంట్లో ఉంచి మందులిచ్చిన రోగులను, శానటోరియంలో ఉంచి మందులిచ్చిన రోగులను పోల్చి చూశారు. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇరుకిళ్ళలో ఉండి మందు మింగినవారికి కూడా దాదాపు అంతే గుణం కనిపించింది. ఇంట్లో వారికి అదనంగా ముప్పు రాలేదు. దాంతో ప్రపంచమంతటా శానటోరియాల శకం ముగిసింది. అయితే గాలి పని ఏమిటి? అది కూడా ఆ రోజులలోనే తేలింది. అమెరికాలో బాల్టిమోరు నగరపు ఆసుపత్రిలో రైలీ అనే శాస్త్రజ్ఞుడు క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా బయటికి లాగి, పైన గినీ పందులున్న గదిలోకి పంపాడు. ఏ రోగినీ తాకని ఆ జంతువులకు క్షయ సోకింది. వార్డు నుంచి బయటికి లాగిన గాలిలో ఏమి ఉంటుందో దానితో రుజువైంది. కనుక గాలిని లాగడం ఒక పని, లాగిన గాలిని ఎక్కడ వదులుతున్నామన్నది రెండవ పని. మొదటి దాని కంటే రెండవదే ముఖ్యం.

కుప్పంలో విన్న మాట

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి గదా. 1987లో నన్ను కుప్పం మండల కార్యాలయానికి బదిలీ చేశారు. అక్కడ నేను అద్దెకున్న ఇంటి యజమాని కోలారు బంగారు గనులలో పని చేసి వచ్చిన పెద్దాయన. కుప్పం నుంచి బంగారుపేట, అక్కడి నుంచి గనులకు రైలు. మన కుప్పం, పలమనేరు ప్రాంతాల నుంచి ఎన్ని కుటుంబాలు ఆ గనులకు వెళ్ళాయో అక్కడి వారికి తెలుసు.

ఆ గనులకు కావేరి మీది శివసముద్రం నుంచి 1902లోనే విద్యుత్తు వచ్చింది. తొంభై మైళ్ళకు పైగా దూరం. ఆసియా ఖండంలోనే అది తొలి పెద్ద ఏర్పాట్లలో ఒకటి. ఊళ్ళకు దీపాలు రాని రోజులలో గనులకు కరెంటు ఎందుకు? పైకీ క్రిందికీ మోయడానికి, నీళ్ళు తోడడానికి, రాయి పిండి చేయడానికి, గాలి ఆడించడానికి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతున రాతి వేడి 60 డిగ్రీలను మించుతుంది. గనిలో గాలి ఆడే పద్ధతి ఎక్కడైనా ఒకటే. ఒక బావి గుండా మంచి గాలి దిగుతుంది, మరొక బావి మీద పెద్ద ఫ్యాను ఉండి వాడిన గాలిని పైకి లాగి ఆకాశంలోకి వదులుతుంది. 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల గ్రంథంలోనే గాలి ఆడించే చక్రాల బొమ్మలున్నాయి. మన ఇంట్లోని ఎగ్జాస్ట్ ఫ్యానుకు పూర్వీకుడు అదే.

ఆ పెద్దాయన ఒక సాయంత్రం వరండాలో కూర్చుని నాతో అన్నమాట మరువలేను. "సామీ, గాలిని నెట్టేది గొప్ప కాదు. అది యాడికి పోతాదో చూడాల. మేము వాడేసిన గాలి మళ్ళా మా మీదికే వస్తే మేము బతకం." 2001లో ఆ గనులు మూతబడ్డాయి. ఆయన అంతకు ముందే పోయారు. మాట మిగిలింది. నేను మాత్రం ఆ మాటను ముప్పయి ఏళ్ళు మరచిపోయి కూర్చున్నాను.

మా ఇంటి భాగోతం

2008లో రిటైరయ్యాను. ఊళ్ళో చిన్న డాబా ఉంది. 2016లో బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఇల్లు బాగు చేయిద్దామన్నాడు. పడకగదికి ఆనుకుని స్నానాల గది కట్టించాము. వయసు మీద పడింది, రాత్రి పూట పెరట్లోకి పోలేమని. ఆ గదికి బయటి గోడ ఒకటే. పలకలు అతికించి, పైన ఫాల్స్ సీలింగు వేశారు. అందులో చక్కగా ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించారు. మీట వేస్తే బుర్రుమని తిరిగేది. కాగితం ముక్క పెడితే అతుక్కునేది. బాగా లాగుతున్నదని మేము సంతోషించాము.

లాగిన గాలి ఎక్కడికి పోతున్నదని ఎవరూ అడగలేదు. ఫాల్స్ సీలింగుకు, అసలు కప్పుకు మధ్య ఉన్న జానెడు ఖాళీలోకి పోతున్నది. బయటి గోడ తొలిచి గొట్టం వేయాలంటే పలకలు పగులుతాయి, అదనంగా కొంత ఖర్చవుతుందని పనివాడు అన్నాడు. "ఎందుకులే, పైకి పోతున్నది కదా" అన్నది నేనే. కనుక తప్పు పనివాడిది ఒక్కడిదే కాదు. ఉత్తర్వు మీద సంతకం నాది.

ఆ గది ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు. అంటే దాదాపు పన్నెండు ఘనపు మీటర్ల గాలి. మన ఊరి చలికాలం సంగతి తెలిసిందే. పొగలు కక్కే నీళ్ళతో స్నానం చేస్తే గది గాలి 30 డిగ్రీలకు వేడెక్కి ఆవిరితో నిండుతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి 18 డిగ్రీలకు చల్లబడితే 15 గ్రాములే మోస్తుంది. మిగిలినది నీరై ఎక్కడో ఒక చోట దిగాలి. పన్నెండు ఘనపు మీటర్లకు లెక్క కడితే 180 గ్రాములు. ఒక గ్లాసెడు నీళ్ళు. ఇంట్లో ఇద్దరి స్నానాలకు రోజుకు రెండు గ్లాసులు. ఆ నీళ్ళలో చాలా భాగం మేమే ఫ్యాను పెట్టి, కరెంటు బిల్లు కట్టి మరీ, కప్పు క్రింది చీకటి ఖాళీలోకి తోశాము.

రెండు వానాకాలాలు గడిచేసరికి పడకగది కప్పు మూలన నల్లటి మచ్చలు తేలాయి. సున్నం వేయించాము. మళ్ళీ వచ్చాయి. మూడవ ఏట మా ఆవిడకు దగ్గు పట్టుకున్నది. రాత్రి రెండింటికి లేచి కూర్చునేది. పిల్లికూతలు. ఆయాసం. రెండు నెలలైనా తగ్గకపోతే డాక్టరుగారు కళ్ళె పరీక్ష వ్రాశారు. ఆ చీటీ చేతిలో పట్టుకుని నేను అరవై ఏళ్ళు వెనక్కి పోయాను. ఆ వరండా, ఆ మంచాలు కనిపించాయి. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఆమె కూడా పోలేదు. ఇద్దరమూ ఆ మాట పైకి అనలేదు.

దేవుని దయ వలన క్షయ కాదని తేలింది. డాక్టరుగారు వెంటనే అడిగిన ప్రశ్న ఇది: "ఇంట్లో చెమ్మ ఉందా? గోడలకు బూజు పట్టిందా?" చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఉబ్బసం, దగ్గు, పిల్లికూతలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ప్రత్యేకంగా ఒక పుస్తకం ప్రకటించిందని ఆయనే చెప్పారు. మరునాడు ఫాల్స్ సీలింగు పలక ఒకటి ఊడదీయించాను. పైన అట్ట తడిసి నల్లగా, చేత్తో పట్టుకుంటే పొడి అయింది. ఇనుప కడ్డీలు తుప్పు. వాసన చెప్పనలవి కాదు. అప్పుడు కుప్పం పెద్దాయన మాట వినిపించింది. యాడికి పోతాదో చూడాల.

పలకలు పగిలాయి. గోడ తొలిచారు. ఫ్యాను నుంచి పి.వి.సి. గొట్టం తిన్నగా బయటికి వేశారు. బూజు పట్టినదంతా తీసి పారవేసి, కప్పు ఆరిన తరువాత కొత్తది వేశాము. మొదట మిగిల్చుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు ఖర్చయింది. మందులు వాడుతూనే ఉన్నా, ఆ ఏడు చలికాలానికి ఆవిడ రాత్రంతా నిద్రపోయింది. గోడకు కన్నం పడుతుంటే నాకు మా అమ్మ, ఆ గునపం గుర్తుకు వచ్చాయి. అమ్మకు ఒక్క పూటలో తెలిసిన సంగతి నాకు మూడేళ్ళు పట్టింది.

మళ్ళీ గాలికి గౌరవం

2020లో కరోనా వచ్చి గాలి విలువ అందరికీ మళ్ళీ చెప్పింది. 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భవనాలలో గాలి ఆడించే మార్గాల గురించి ఒక పత్రం వెలువరించింది. ఆ మే నెలలో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం కూడా తలుపులు, కిటికీలు తెరవమని, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వాడమని సూచించింది. నైటింగేల్ మాటనే నూట అరవై ఏళ్ళ తరువాత మళ్ళీ సర్క్యులరుగా పంపించారన్నమాట.

ఆలోచిస్తే జరిగింది ఇదే. మట్టి మిద్దెకు గవాక్షి ఉండేది. సిమెంటు కప్పు వచ్చాక గవాక్షి పోయింది, దాని బదులు గోడకు వెంటిలేటరు వచ్చింది. ఏసీలు, దోమలు వచ్చాక వెంటిలేటరును కూడా గాజుతో బిగించాము. పెరట్లోని స్నానాన్ని పడకగదిలోకి తెచ్చుకున్నాము. ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క న్యాయమైన కారణం ఉన్నది. ఆ మార్పులన్నీ కలిసి గాలి పోయే దారిని మూశాయి. మూసిన దారి బదులు ఫ్యాను పెట్టుకున్నప్పుడు, గవాక్షి చేసిన పనినే అది చేయాలి. అంటే ఆకాశం కనిపించాలి.

మిత్రులకు మనవి

మనలో చాలా మంది ఈ వయసులో పిల్లల కోసమో, మోకాళ్ళ కోసమో స్నానాల గదులు బాగు చేయించుకుంటున్నారు. అనుభవం మీద కొన్ని మాటలు.

1. మీ ఫ్యాను గాలి ఎక్కడ బయటపడుతున్నదో ఈ రోజే చూడండి. ఫ్యాను వేసి, ఇంటి వెలుపల నిలబడి చెయ్యి పెట్టి చూడండి. బయట గాలి తగలకపోతే అది లోపలే ఎక్కడో చేరుతున్నది. అటక మీదికి, ఫాల్స్ సీలింగులోకి, పక్క గదిలోకి వదలకూడదు.

2. గొట్టం పొట్టిగా, తిన్నగా, బయటి వైపుకు కొంచెం వాలుగా ఉండాలి. లోపల చేరిన నీటి చుక్క బయటికే జారుతుంది. బయటి కొసకు వాన పడని మూత, పిచ్చుకలు గూడు పెట్టని జాలీ ఉండాలి. ఆ కొస మన వంటింటి కిటికీ దగ్గరో, పక్కింటి వారి కిటికీ ఎదురుగానో ఉండకూడదు. పక్కింటికి తోసినా అది ఫైలు తోయడమే.

3. గాలి పోవాలంటే రావాలి. తలుపు క్రింద అంగుళం సందు ఉంచండి. బిగుతుగా మూసిన గదిలో ఫ్యాను ఊరికే తిరుగుతుంది.

4. గదిలోని గాలి గంటకు ఎనిమిది సార్లయినా మారాలి. మా గది వంటి దానికి గంటకు వంద ఘనపు మీటర్లు లాగే ఫ్యాను చాలు. ఆ అంకె ఫ్యాను డబ్బా మీద ఉంటుంది. స్నానం తరువాత ఇరవై నిమిషాలు తిరగనివ్వండి. నేల ఆరితే జారిపడే భయం కూడా తగ్గుతుంది. మన వయసుకు అది చిన్న విషయం కాదు.

5. అన్నిటి కంటే ముఖ్యమైనది గ్యాసు గీజరు. దాన్ని స్నానాల గది లోపల పెట్టకండి. మండేటప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్నది కదా అనుకోవద్దు. గాలి వచ్చే సందు లేని గదిలో ఫ్యాను ఆ విషవాయువును తిరిగి గదిలోకే లాగవచ్చు. మన సభ్యులలో ఒకరి కోడలు అలాగే స్పృహ తప్పింది. గడియ సరిగా పడని తలుపు కావడం వలన బ్రతికింది. గీజరు బయట గోడకు ఉండాలి, దాని పొగ వేరే గొట్టం గుండా ఆరుబయటికి పోవాలి.

సర్వీసులో ఉన్నన్నాళ్ళు మనం 'డిస్పోజ్డ్' అని ముద్ర వేసిన ఫైళ్ళలో ఎన్ని నిజంగా పరిష్కారమైనవో మన మనస్సాక్షికి తెలుసు. ఇంటి గాలి విషయంలో మాత్రం ఆ ముద్ర వేయకముందు ఒకసారి బయటికి వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి. గాలి తగిలితేనే సంతకం చెయ్యండి.

ఈ సంచిక చదివే ప్రతి మిత్రుడూ, వారి ఇంటి ఇల్లాలూ సుఖంగా ఊపిరి తీసుకుంటూ, లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు ట్రెజరీ దగ్గర కలుసుకోవాలని కోరుకుంటూ సెలవు.